చల్లని, పొడి చోట సుమిత్రమ్మ

ఆ రోజు పొద్దున సుమిత్రమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మామిడికాయ తొక్కు సీసాల్లోకి ఎత్తాలి, లేబుళ్లు అతికించాలి, మధ్యాహ్నానికల్లా చైతన్యపురిలో విజయదుర్గ నడిపే ఆడపిల్లల హాస్టలుకు పంపాలి. ఎల్బీనగర్‌లోని ఆ కాలనీలో ఆమె తొక్కు తినని ఇల్లు లేదు గానీ, ఇన్నాళ్లూ అది స్టీలు డబ్బాల్లో, మొహమాటాల మీద నడిచిన వ్యాపారం. విజయదుర్గ మాత్రం మొహమాటపడలేదు. రిజిస్ట్రేషన్ నంబరూ లేబులూ లేని సరుకు తన పిల్లలకు పెట్టనని మొదటిరోజే చెప్పేసింది.

కోడలు జ్యోతిక ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి ఆహార భద్రత శాఖ నంబరు సంపాదించింది. తలకు టోపీ, ఒంటికి ఏప్రాన్, వంటింటి గుమ్మం దగ్గర సబ్బు, అన్నిటికీ సుమిత్రమ్మ ఒప్పుకుంది. ఒక్క ఎక్స్‌పైరీ తేదీ దగ్గరే మొండికేసింది.

"నిన్నగాక మొన్న పెట్టిన తొక్కుకు అప్పుడే చావు తేదీ రాస్తరా? మా అమ్మ పెట్టిన తొక్కు రెండేండ్లు తిన్నం."

"మీ అమ్మ తొక్కు తిన్నది మీ ఇంటోళ్లు అత్తమ్మా. గిది తినేటోళ్లు మనకు మొకం గూడ తెల్వని పిల్లలు. రేపు కడుపునొస్తే ఎవర్ని అడగాలె వాళ్లు?"

చివరికి సుమిత్రమ్మ ఒక షరతు మీద దిగివచ్చింది: లేబులు మీద తన ఫోటో, తన పేరు ఉండాలి. నల్లగొండ దగ్గరి పల్లె వదిలి వచ్చినప్పటినుంచి ఆమె ఈ కాలనీలో ఒకరి భార్య, ఒకరి తల్లి, ఒకరి అత్త. పేరు పెట్టి పిలిచింది దవాఖానలో కాంపౌండరు ఒక్కడే. అందుకే ఆ సీసాల మీద ఆశ పెట్టుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టాభి అనే ఆయన ఫ్లెక్సీలూ స్టిక్కర్లూ ముద్రిస్తాడు. జ్యోతిక ఆయనకు ఫోటో, చిరునామా, రాయాల్సిన మాటలు పంపి, ఆ పొద్దున్నే మెట్రో స్టేషన్ గోలలో నిలబడి ఫోన్ చేసింది. "మా అత్తమ్మ ఫోటో, పేరు పెద్దగ రావాలె అన్నా. ఎక్స్‌పైరీ డేట్ తప్పకుండ ఉండాలె. డేట్ ఖాళీగ ఇడువు, మేం రాసుకుంటం."

పట్టాభి వృత్తిలో పెద్దావిడ ఫోటో కింద ఎక్స్‌పైరీ అంటే ఒకటే అర్థం. పుట్టెడు దుఃఖంలో ఉన్న కోడలికి తేదీ కూడా నోట రావడం లేదని జాలిపడి, ఆ రోజు తేదీ తనే వేశాడు. ఫోటోకు దండ వేశాడు, ఆ దండకు పైసలు కూడా వేసుకోలేదు. మిగతా మాటలు ఇంటివాళ్ల ఆచారం కాబోలనుకుని ముట్టుకోలేదు. చివరికి తయారైనది ఇది:

"శ్రద్ధాంజలి. శ్రీమతి సుమిత్రమ్మ గారు. ఎక్స్‌పైరీ: నేడు. ఇంట్లో తయారైనది. పూర్తి శాకాహారం. చల్లని, పొడి చోట భద్రపరచండి. తడి చెయ్యి తగలనివ్వకండి."

వేసిన ప్రతి డిజైనూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడం పట్టాభికి అలవాటు. అక్కడినుంచి సుమిత్రమ్మ మరణవార్త ఆమె పుట్టిన ఊరికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. చావు కబురుకు కాళ్లెక్కువ.

మూతలు కొనడానికి వెళ్లిన జ్యోతికకు దారిలో విజయదుర్గ మెసేజ్ వచ్చింది. అత్తగారి సంగతి తెలిసి బాధపడ్డానని, మైల ఇంటి సరుకు తీసుకోలేనని, తుర్కయంజాల్‌లో వేరే పచ్చళ్లవాళ్లకు ఫోన్ చేశానని, ఏమీ అనుకోవద్దని. జ్యోతిక పరుగున ఇంటికొచ్చి ఆ మెసేజు చూపించింది, స్టేటస్ చూపించింది. సుమిత్రమ్మ టోపీతోనే స్టూలు మీద కూలబడింది.

"సచ్చినందుకు కాదే. ఆర్డర్ పోయినందుకు ఏడుపొస్తున్నది."

ఫోన్ మళ్లీ తీసుకుని చూసింది. పేరు మాత్రం తప్పులేకుండా రాశాడు.

అంతలో గేటు దగ్గర ఏడుపు వినిపించింది. తమ్ముడు జానయ్య పొద్దున ఏదో పని మీద హయత్‌నగర్ వచ్చి, కబురు తెలియగానే అటునుంచి అటే వచ్చేశాడు. వెనక కాలనీ కాలనీ ఉంది. జానయ్య నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, తెల్ల టోపీలో నిలబడ్డ అక్కను చూసి గోడ పట్టుకున్నాడు. తేరుకున్నాక అక్కను పట్టుకోబోయాడు.

"ఆగు తమ్మీ. సబ్బు గాడున్నది. చేతులు కడుక్కో."

"బతికే ఉన్నవా అక్కా?"

"ఉన్న. కడుక్కున్నా సరే, లోపటికి రావొద్దు. తొక్కు మూతల్లేకుంట ఉన్నది."

వెనకున్నవాళ్లకు ఇది నచ్చలేదు. చావింటికొచ్చి మనిషిని చూడకుండా ఎలా పోతామని ఒకావిడ తోసుకొచ్చింది. సుమిత్రమ్మ రెండు చేతులూ గుమ్మానికి అడ్డంపెట్టింది. ఆర్డరు ఎలాగూ పోయింది, రానిచ్చినా అడిగేవాళ్లు లేరు. అయినా ముక్కూ మొహం తెలియని ఆ పిల్లల మాట అప్పటికే ఆమెకు పట్టుకుంది. బతికున్నానని అందరికీ గుమ్మంలోంచే దణ్ణం పెట్టి, చూడాలనుకున్నవాళ్లు వరసలో నిలబడి కిటికీలోంచి చూసి పొమ్మంది. ఓదార్చడానికి వచ్చినవాళ్లు తిట్టుకుంటూ వరస కట్టారు.

ఆ వరస చివర చేతిలో పూలదండతో విజయదుర్గ నిలబడి ఉంది. ఒక మాట పలకరించి వెళ్దామని వచ్చిందావిడ. వంతు వచ్చాక దండ వెనక్కి దాచుకుని, తనైనా లోపలికి రావచ్చా అని అడిగింది. ఆమె ఎవరో గుర్తుపట్టి కూడా సుమిత్రమ్మ మళ్లీ గుమ్మానికి చేతులు అడ్డంపెట్టింది.

"ఏమనుకోకున్రి మేడం. మూతలు పెట్టేదాంక మీరు గూడ రావొద్దు."

విజయదుర్గ ఫోన్ తీసి తుర్కయంజాల్ వాళ్లకు వద్దని చెప్పేసింది.

"సీసాలు సాయంత్రం పంపండమ్మా. నన్ను కూడా రానివ్వని వంటింటి కోసమే ఇన్నాళ్లూ వెతుకుతున్నాను. పచ్చడి ఎన్నాళ్లుంటుందంటారు?"

"ఎన్నాళ్లయినా ఉంటది" అనబోయి, సుమిత్రమ్మ కోడలి వైపు చూసింది. "ఆరు నెలలు. ఆ తర్వాత పిల్లలకు పెట్టకున్రి."

పట్టాభి లెంపలేసుకుని సాయంత్రానికి కొత్త లేబుళ్లు ఇచ్చాడు. పాత కాగితం ఒకటి సుమిత్రమ్మ పారేయనివ్వలేదు. తడి చెయ్యి మాట బాగా రాశాడని వంటింటి తలుపుకు అతికించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఎక్స్‌పైరీ తేదీ దాటి ఏడాది కావస్తున్నా సుమిత్రమ్మ పాడవలేదు.