భయానికి పదికి ఎన్ని మార్కులు?

ముందుగా క్షమాపణ. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై మూడో ఏట. ఒకచోట పెట్టవలసిన వత్తు ఇంకోచోట పెడతాను, ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి. మార్కులు వేయాలనిపిస్తే మాత్రం ఈ కాగితాన్ని ఇక్కడే మడిచి పక్కన పెట్టండి. ఆ పని చేసేవాళ్లు మా ఇంట్లో సరిపడా ఉన్నారు.

మా మనవరాలు శ్రవ్యకు భయం తగ్గిందని ఇందుమూలంగా అందరికీ తెలియజేస్తున్నాను. అది ఎలా తగ్గింది, తగ్గి ఎవరి దగ్గరికి చేరింది అని చెప్పడానికే ఈ రాత.

శ్రవ్య తొమ్మిదో తరగతి. ప్రతి సోమవారం బడిలో లెక్కల పరీక్ష, ప్రతి సోమవారం పొద్దున దానికి కడుపునొప్పి. నా కొడుకు సీతారాంకు పత్తర్‌గట్టిలో చీరల దుకాణం ఉంది. బాధ్యత గల తండ్రి గనుక బిడ్డ కడుపుకు మూడు స్కానింగులు తీయించాడు. కడుపులో ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. ఏమీ లేకపోతే నొప్పెందుకని కోడలు రశ్మి దిష్టి తీసింది. పక్కింటి ఆటో బాబూమియా దర్గా నుంచి తాయెత్తు తెచ్చాడు. సోమవారం మాత్రం వారానికోసారి వస్తూనే ఉంది.

చివరికి ఆ డాక్టరే మమ్మల్ని బహదూర్‌పురాలో ఫరీహా మేడం దగ్గరికి పంపాడు. ఆమె పిల్లల భయాలకు వైద్యం చేస్తుంది. సూదులు లేవు, గోళీలు లేవు. మనసులోకి వచ్చిన ఆలోచనను కాగితం మీద రాసి, అది నిజమనడానికి సాక్ష్యం ఏముందని అడగాలి. భయపెట్టే పనిని మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే ఎక్కాలి. దాన్ని సీబీటీ అంటారట.

ఇంటి పిల్లను అలాంటి చోటికి తీసుకెళ్తున్నామంటే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని శనివారం శనివారం జూపార్కుకు పోతున్నామని గల్లీలో చెప్పాం. జూ ఆ పక్కనే గనుక అది పూర్తి అబద్ధం కూడా కాదు. పది శనివారాలు గడిచేసరికి మా పిల్లకు పులులంటే ప్రాణమని ఉప్పుగూడలో పేరొచ్చింది. పుట్టినరోజుకు దానికి నాలుగు పులి బొమ్మలు వచ్చాయి.

మేడం శ్రవ్య చేత నోటుబుక్కులో ఏడు మెట్ల నిచ్చెన గీయించింది. మొదటి మెట్టు, కొన్న పెన్ను రాయకపోతే దుకాణానికి వెళ్లి మార్చి ఇమ్మనడం. నాలుగో మెట్టు, క్లాసులో చెయ్యెత్తి అర్థం కాలేదని చెప్పడం. ఏడో మెట్టు మీద పిల్ల ఏదో రాసి, పైన కాగితం అంటించింది. ప్రతి మెట్టుకూ ఎదురుగా ఎంత భయమో పదికి వేసుకోవాలి.

మొదటి వారం మొదటి మెట్టు ఎదుట ఎనిమిది అని ఉంది. సీతారాం ముఖం వెలిగిపోయింది.

"పదికి ఎనిమిది! చూసినవా అమ్మా, మేడం చెయ్యి మంచిది."

మూడో వారానికి ఆ ఎనిమిది మూడయింది.

"గిదేంది బిడ్డా, గిట్ల పడిపోయినవ్? హైయెస్ట్ ఎవరికొచ్చింది?"

ఫరీహా మేడం ఓపిగ్గా చెప్పింది, "సీతారాం భాయ్, ఇందులో తక్కువ రావడమే మంచిది."

సీతారాం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గట్లయితే సున్న తెప్పియ్యిండ్రి మేడం. వేరే పోరగాళ్లకు రాకముందే తెప్పియ్యిండ్రి."

వారానికొక మెట్టు ఎక్కడమేమిటి, ఆదివారం సెలవే కదా, ఏడూ ఒకే రోజు ఎక్కిస్తే పోదా అని కూడా అడిగాడు. మేడం ఒప్పుకోకపోవడంతో ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద టైంటేబుల్ అంటించాడు. ఆరు నుంచి ఆరుంబావు దాకా ధైర్యం. ఆరుంబావు నుంచి ఫిజిక్స్.

ఏడో మెట్టు మీది కాగితాన్ని శ్రవ్య నాకొక్కదానికే ఎత్తి చూపించింది. "లెక్కల పేపరు డాడీ చేతికి ఇవ్వడం." భయం పదికి పది. "ఏమవుతుందని నీ ఆలోచన?" అన్న గడిలో, "డాడీ నాతో మాట్లాడడు." "సాక్ష్యం?" అన్న గడిలో, "పోయిన దసరా ముందు తొమ్మిది రోజులు మాట్లాడలేదు."

అప్పటినుంచి వచ్చిన లెక్కల పేపర్లన్నీ నా ట్రంకుపెట్టెలో చీరల కింద ఉన్నాయి. పెద్దవాళ్లు సంతకం పెట్టవలసిన చోట నేనే పెట్టాను. కొత్తగా నేర్చుకున్న సంతకాన్ని ఎక్కడైనా పెట్టాలని నాకు మాత్రం ఉండదా? పైగా లాక్‌డౌన్‌లో నాకు అక్షరాలు నేర్పింది శ్రవ్యే. నేను 'ఋ' తప్పుగా రాసినన్ని సార్లూ "మళ్లీ రాయి నానమ్మా" అన్నది తప్ప, ఎన్నిసార్లు తప్పానో ఒక్కనాడూ లెక్కపెట్టలేదు.

పిల్ల నిజంగానే మెట్లెక్కింది. పెన్ను మార్చుకొచ్చింది. ఒక రోజు లెక్కల క్లాసులో చెయ్యెత్తి అర్థం కాలేదని చెప్పింది. అది చూసి మిగతా ముప్పై ఒక్కమందీ చేతులెత్తారు. ఈ విప్లవం ప్రిన్సిపల్ సోమశేఖర్ గారి దాకా వెళ్లింది. ఆయన చురుకైన మనిషి. లెక్కల టీచరును మార్చలేదు. భయరహిత దినోత్సవం ప్రకటించారు.

ఉత్తర్వు ఇలా ఉంది: "ఆ దినమున విద్యార్థులెవరూ భయపడరాదు. భయపడదలచినవారు కారణం చూపుతూ తల్లిదండ్రుల సంతకంతో ముందుగా లేఖ సమర్పించవలెను. ఆలస్యంగా భయపడినవారిపై కఠిన చర్య తీసుకొనబడును." ధైర్యం మీద యాభై మార్కుల పరీక్ష పెట్టారు, తప్పు ఆలోచనకు పావు మార్కు కోత. ఆ పరీక్షకు భయపడే పిల్లల కోసం స్టేషను దగ్గరి ట్యూషన్ సెంటరు తెల్లవారుజామున అయిదింటికి అభయ బ్యాచ్ మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి దాని గుమ్మం ముందు ఫ్లెక్సీ లేచింది. పన్నెండుమంది పిల్లల ఫోటోలు, ఒక్కొక్కరి కింద గుమ్మడికాయంత సున్న. "పదికి సున్న సాధించిన మా ఆణిముత్యాలు."

దీనంతటికీ మూలపురుషుడెవరని ప్రిన్సిపల్ గారు విచారిస్తే, సీతారాం జూపార్కును మరిచిపోయి ముందుకొచ్చాడు. దినోత్సవం నాడు అతనికి శాలువా కప్పి, ఆదర్శ తండ్రి అని పిలిచి మైకు ఇచ్చారు.

"నా బిడ్డకు నేనంటే భయం లేదు. నేను తండ్రిని కాదు, దోస్తును. మార్కులు కాగితం మీది గీతలు. పిల్లల నవ్వే అసలు ర్యాంకు. ఎన్ని మార్కులొచ్చినా మా ఇంట్ల ఫికర్ లేదు!"

చప్పట్లు మోగాయి. సోమశేఖర్ గారు కళ్లు తుడుచుకున్నారు. ఆ చప్పట్లలోనే శ్రవ్య స్టేజీ ఎక్కి, వెనక దాచుకున్న పేపరు తీసి డాడీ చేతిలో పెట్టింది. ఇరవై అయిదుకు పదకొండు. డాడీ పట్టుకునేదాకా పిల్ల పేపరు వదల్లేదు.

సీతారాం ఆ అంకె చూశాడు. ఎదురుగా కెమెరా ఉంది గనుక నవ్వాడు. బిడ్డ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది. బడి గోడ మీద ఇప్పటికీ ఉంది.

ఇంటికొచ్చి తిట్టలేదు, కొట్టలేదు. ఆదర్శ తండ్రి కదా. శాలువా మడిచి బీరువాలో పెట్టాడు, ఆ పైన బిడ్డతో మాట్లాడడం మానేశాడు. "దాన్ని అన్నం తినుమను", "దాన్ని ఫ్యాన్ బంజేయుమను" అని ఎదురుగా ఉన్న పిల్లకు రశ్మి ద్వారా కబురు పంపేవాడు. సోమవారం పొద్దుటి కడుపునొప్పి మంగళవారానికి, బుధవారానికి పాకింది.

పన్నెండో రోజు శనివారం. బాబూమియా ఆటోలో పిల్లను నేనే తీసుకెళ్లాను. "నిజంగా ఏమయింది?" అన్న గడిలో శ్రవ్య "12 రోజులు, ఇంకా అవుతోంది" అని రాసి ఇచ్చింది. ఫరీహా మేడం అది రెండుసార్లు చదివింది.

"బేటా, ఇది తప్పుడు ఆలోచన కాదు. నువ్వు ఉన్నదే రాశావు. నీ నిచ్చెన నువ్వు ఎక్కేశావు. మీ డాడీని పంపు, ఆయనది ఇంకా గీయలేదు."

మరుసటి శనివారం సీతారాం వచ్చాడు. గల్లీలో జూకే అని చెప్పాడు.

"నాకేం భయం మేడం?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే.

"పదకొండును చూసి పంతొమ్మిది రోజులు పారిపోయారు కదా భాయ్. ఏమవుతుందనుకున్నారు?"

సీతారాం పులి బొమ్మ ఉన్న శ్రవ్య సంచీ వైపు చూశాడు. "నలుగురు ఏమంటరు మేడం?"

"ఎవరా నలుగురు? పేర్లు రాయండి. పోయి అడుగుదాం."

పెన్ను పట్టుకున్నాడు. బాబూమియా పేరు రాసి కొట్టేశాడు. బాబూమియా కొడుకు ఒవైస్ టెన్త్ రెండుసార్లు తప్పితే ఆయన మూడోసారికి ఆటోలో దింపి, చాయ్ తాగించి వచ్చిన మనిషి. పత్తర్‌గట్టి షావుకార్లను తలుచుకున్నాడు. శ్రవ్య ఏ తరగతో కూడా వాళ్లకు తెలియదు. గంట అయిపోవచ్చింది. చివరికి ఒక్క మాట రాశాడు. నేను ఎదుటి కుర్చీలో ఉన్నాను, ఇప్పుడు నాకు చదవడం వచ్చు. తలకిందులుగా కూడా వచ్చు.

"అమ్మ" అని ఉంది.

"ఏడో తరగతిల లెక్కలు పోయినప్పుడు పదిహేను రోజులు నాతోని మాట్లాడలే నువ్వు. యాదుందా అమ్మా?" అన్నాడు నా కొడుకు, తల ఎత్తకుండానే.

యాదుంది. అప్పుడు నాకు అంకె చదవడం కూడా రాదు. పక్కింటామె ముఖం మాత్రం బాగా చదివేదాన్ని.

ఇప్పుడు సీతారాం రెండో మెట్టు మీద ఉన్నాడు. పేపరు తిప్పి చూడకముందే "తిన్నవా బిడ్డా?" అని అడగాలి. మొన్న సోమవారం అడిగాడు. పిల్ల సంచీ భుజాన వేసుకుంటూ తల తిప్పి చూసింది. "తిన్న డాడీ" అంది, బడికి పోయింది.

మేడం నాకూ ఒక నోటుబుక్కు ఇచ్చింది. నా మొదటి మెట్టు, జరిగింది దాచకుండా అందరూ చదివేలా రాయడం. మీ చేతిలో ఉన్నది అదే. భయం పదికి తొమ్మిది.

సీతారాం పుస్తకంలో ఇంకా మూడు పేర్ల చోటు ఖాళీగా ఉంది. ఇంతదాకా చదివి, మరి మొన్న సోమవారం శ్రవ్యకు ఎన్ని మార్కులొచ్చాయో రాయలేదేమిటని వెతుక్కుంటున్న ముగ్గురు ముందుకొస్తే నింపేస్తాం.

ఇట్లు,
నలుగురిలో మొదటి మనిషి,
సుశీలమ్మ, వయసు అరవై ఎనిమిది,
ప్రస్తుతం ఉండేది ఉప్పుగూడ, రైల్వే స్టేషను వెనక గల్లీ.