నల్ల గవ్వ బేరం

మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాను. ఎందుకంటే మా యార్డు గిడ్డయ్య ఈపాటికే సగం మీకు చెప్పి ఉంటాడు, మిగతా సగం కల్పించి ఉంటాడు.

నా పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో మా ఆవిడ అమృతవల్లి మీద బారాకట్ట ఆటలో ఒక్కసారి కూడా గెలవలేదు. ఆదోని యార్డులో పత్తి పింజ వేళ్ళతో లాగి పొడవు చెప్పేస్తాను. పత్తి నింపిన బోరెంలో చెయ్యి పెట్టి తేమ చెప్పేస్తాను. ఆరు గవ్వలు దొర్లిస్తే మాత్రం నాకు ఒకటో రెండో పడుతుంది. ఆమె దొర్లిస్తే ఆరూ బోర్లా పడి పన్నెండు, అంటే బార. అవి ఆమె ఎమ్మిగనూరు పుట్టింటి నుంచి తెచ్చుకున్న గవ్వలు. నా మాట వినవు. ఆ ఇంటివాళ్ళెవరూ నా మాట వినరు.

మా ఇంటి చట్టం ఏమిటంటే, శనివారం సాయంత్రం ఓడినవాళ్ళు ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చెయ్యాలి. ఇన్నేళ్ళ సాధనతో నా ఉగ్గాని ఎంత రుచిగా తయారైందంటే, మా చుట్టాలు ఆదివారం తప్ప వేరే రోజు రావడం మానేశారు.

అలాంటి నాకు దారి చూపించింది మా అమ్మాయి నవ్యశ్రీ. కర్నూలులో చదువుతోంది. ఒకరోజు ఇంటి గ్రూపులో ఒక లింకు పెట్టింది. 'బారాకట్ట బజార్' అని ఫోనులో ఆడే కొత్త ఆట. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు తెరుస్తారట. ఈలోపే పేరు రాసుకున్నవాళ్ళకు రోజుకొక కార్డు ఉచితం, ఆట తెరిచాక కూడా. కార్డులు కూడబెట్టుకోవచ్చు, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి మార్చుకోవచ్చు. ఆట మొదలయ్యాక గళ్ళలో పావులు నడుపుతూ మధ్యలో కార్డు దించవచ్చు. ఏనుగు కార్డు దించితే ఎదుటివాళ్ళ దారి మూసుకుపోతుంది. కోతి కార్డు దించితే పావులు చోట్లు మార్చుకుంటాయి. నల్ల గవ్వ కార్డు దించితే ఎంత పడినా బార కిందే లెక్క.

నాకు ఒళ్ళు పులకరించింది. ఫోనులో గవ్వలకు పుట్టిల్లు లేదు. పైగా నల్ల గవ్వ నా చేతిలో ఉంటే ఇరవై మూడేళ్ళ ఓటమికి ఒక్క ఆటలో సమాధానం చెప్పవచ్చు.

రోజూ పొద్దున స్నానాల గదిలో దూరి ఆ రోజు కార్డు తెరిచేవాణ్ణి. పెళ్ళిచూపుల నాడు కూడా నా గుండె అంత కొట్టుకోలేదు.

"ఏమండీ, ఇంగా ఎంతసేపు? లోపల నిద్రపోయినారా?"

"వస్తాండా."

"నీళ్ళ సప్పుడు లేదు, నవ్వుతాండే సప్పుడు వస్తాంది. ఎవురున్నారు లోపల?"

"ఏనుగు" అనబోయి నాలుక కరుచుకున్నాను.

ముప్పై నాలుగు రోజులు, ముప్పై నాలుగు కార్డులు. ఏనుగులు వచ్చాయి, కోతులు వచ్చాయి, ఎందుకూ పనికిరాని మేకలైతే మందలు మందలుగా వచ్చాయి. నల్ల గవ్వ రాలేదు. ఆట తెరవడానికి రెండు రోజుల ముందు, మార్పిడి పేజీలో కనిపించింది: 'నల్ల గవ్వ. ఎమ్మిగనూరు. పేరు: రాణిపావు.' వెంటనే కబురు పెట్టాను. జవాబు వచ్చింది: 'శనివారం రండి. బస్టాండు ఎదురుగా గాజుల అంగడి, సంతోషమ్మ.'

శనివారం పొద్దునే చొక్కా తొడుక్కున్నాను.

"యాడికి?" అంది అమృతవల్లి.

"నందవరం. పత్తి సూసి రావాల."

"ఇప్పుడా? ఇంగా పూతే కదా ఉండేది?"

"పూతే సూసొస్తా. పూత సూస్తే కాయ తెలుస్తాది."

ఆమె నన్ను ఒక క్షణం చూసి, దండెం మీది తువ్వాలు తీసి నా భుజాన వేసింది. "ఎండగా ఉంది, పనికొస్తాది. పొయ్యిరాండి."

పిచ్చిది, నమ్మింది అనుకున్నాను. బస్సులో దారి పొడుగునా కిటికీ కడ్డీ మీద తాళం వేస్తూ పోయాను.

గాజుల అంగడిలో సంతోషమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. నేను ఎన్నడూ చూడని మనిషి. నాకంటే ముందే ఒక డ్రిల్లు మాస్టరు అక్కడ నిలబడి ఉన్నాడు, ఆయనకూ నల్ల గవ్వే కావాలి. నేను ఆయన్ని దాటి ముందుకు జరిగి అడిగాను.

"అమ్మా, ధర సెప్పు. ఎన్ని కార్డులు కావాల?"

"పదిమంది ముందర ధర సెప్తారా అన్నా?" అంది సంతోషమ్మ. "మా నాయన జాతరలో ఎద్దుల బేరగాడు. తువ్వాలు ఉంది కదా, సెయ్యి పెట్టు."

తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసే బేరం నాకు కొత్త కాదు. ఇప్పుడు యార్డులో అంతా కంప్యూటర్ టెండరే గానీ, మా నాయన నాకు ఆ విద్య నేర్పే పోయాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. ఒప్పుకుంటే అరచెయ్యి నొక్కుతారు. నొక్కాక వెనక్కి పోవడం మా వంశంలో లేదు.

అయినా పరాయి ఆడమనిషి చెయ్యి. బస్టాండులో మనవాళ్ళు ఎవరైనా చూస్తే? నేను వెనకాడుతుంటే డ్రిల్లు మాస్టరు చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు. ఠక్కున తువ్వాలు పరిచాను.

సంతోషమ్మ వేలు ఒకటి పట్టుకున్నాను. విదిలించింది. రెండు పట్టుకున్నాను. విదిలించింది. మూడు పట్టుకున్నాను. నా అరచెయ్యి గట్టిగా నొక్కింది.

నాకు కేక వెయ్యాలనిపించింది. మూడు మేకలు పారేసి నల్ల గవ్వ కొట్టాను. ఫోన్లు పక్కపక్కన పెట్టాం. నా ఫోను అడిగింది: 'ముప్పై కార్డులు ఇవ్వడానికి సమ్మతమా?'

"అమ్మా, మూడు కదా."

"మూడు వేళ్ళన్నా. వేలికి పది. ఎద్దుల బేరంలో ఎప్పుడూ అంతే కదా."

"మా పత్తి బేరంలో వేలికి ఒగటి."

"తువ్వాలు తీసింది పత్తి అంగట్లో కాదు కదన్నా. సెయ్యి నొక్కినాక మాట తప్పుతావా?"

డ్రిల్లు మాస్టరు నా వంక ఆశగా చూస్తున్నాడు. పోయిన మా నాయన కూడా చూస్తున్నట్టే అనిపించింది. కళ్ళు మూసుకుని సమ్మతం నొక్కాను. ఏనుగులు, కోతులు, మేకలు దాదాపు అన్నీ పోయాయి. నాలుగు కార్డులు మిగిలాయి, వాటి పక్కన నల్ల గవ్వ తళతళమంటూ వచ్చి కూర్చుంది. దాన్ని చూడగానే దుఃఖం పోయింది. సింహం ఉన్నవాడికి మేకలెందుకు?

ఆ సాయంత్రం అమృతవల్లి గవ్వలు తీస్తే, తల నొప్పన్నాను. ఆడనివాడు ఓడినట్టే అంది. సరే, ఇదే ఆఖరి ఉగ్గాని అనుకుంటూ ఆదివారం పొద్దున పాట పాడుకుంటూ బొరుగులు తడిపాను. తొమ్మిది ముక్కాలుకే ఫోను పట్టుకుని మంచం మీద సిద్ధం.

"అమృతా, ఇట్ల రా. ఈ పొద్దు నీకొక కొత్త ఆట నేర్పిస్తా."

పది కొట్టింది. ఫోనులో డప్పులు మోగాయి, ఆట బల్ల తెరుచుకుంది. నేను మంచం మీద మోకాళ్ళ మీద లేచి నిలబడ్డాను. అప్పుడు తెర మీద ఒక వాక్యం వచ్చింది: 'బల్ల దగ్గర కూర్చోవడానికి కనీసం పది కార్డులు ఉండాలి.'

ఆ రోజు కార్డుతో కలిపి నాకున్నవి ఆరు.

అమృతవల్లి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తన ఫోను తీసింది. డప్పులు మోగాయి. పైన పేరు: రాణిపావు. కింద కార్డులు: అరవై మూడు.

"ఇది సంతోషమ్మ పేరు కదా?" అన్నాను.

"సంతోష నాతో బడిలో సదివింది. నా పేరు దాని ఫోనులో తెరిసి కూసున్యాది, అంతే. కార్డులు నావే. మీ కబురు వచ్చింది కూడా నాకే."

"నీకు ఈ ఆట సంగతి ఎట్ల తెలుసు?"

"గ్రూపులో పెట్టిన లింకు మీ ఒక్కరికే వచ్చిందా?"

"నల్ల గవ్వ నాకు ఇచ్చేసినావు కదా మరి."

"ఒగటిచ్చి ముప్పై తీసుకున్యా. ఎవురైనా ఇయ్యరా?"

"వేలికి పది అని ముందే సెప్పకూడదా?"

"ఎట్ల సెప్పేది? మీరు నందవరం పోతాంటిరి కదా, పూత సూసేకి."

నాలుగు రోజులు ఆగితే నాకు పది కార్డులు అవుతాయి. ముప్పై నాలుగు రోజులు ఆగినవాణ్ణే, కానీ ఆ డప్పులు వింటూ నాలుగు నిమిషాలు కూడా ఆగలేకపోయాను. నా మొహం చూసి ఆమెకు జాలి కలిగింది.

"జోడీగా ఆడొచ్చంట. తోడు కూసునేవాళ్ళకు కార్డులు అక్కరలేదు. వస్తారా?"

"నీ మీద గెలవాలని కదా నేను..."

"వస్తారా, సంతోషను పిలవాల్నా?"

వెళ్ళాను. బళ్ళారి జోడీ ఒకటి ఎదురు తగిలింది. వాళ్ళు ఏనుగు దించారు. "కోతి దించు, కోతి!" అని నేను అరిచాను. "అరవాకండి" అని ఆమె కోతే దించింది. వాళ్ళ పావు ఇంటి గుమ్మంలో ఉండగా, మాకు సరిగ్గా పన్నెండు కావలసి వచ్చింది. ఫోను గవ్వలు దొర్లాయి. రెండు పడింది. నేను ఏమాత్రం ఆలోచించకుండా నా నల్ల గవ్వ తీసి ఆమె పావు కింద దించేశాను.

గెలిచాం. మంచం మీద ఎగిరాను. ఒక పట్టె ఊడింది, అది వేరే సంగతి.

ఇదిగో, ఫోటో తీసి పెట్టాను, చూడండి. గిడ్డయ్యా, అద్దాలు పెట్టుకుని చదువు. 'విజేత: రాణిపావు. తోడు: ఒకరు.'

ఆ ఒకరు నేనే.