ఈశాన్యం రాయి మీద ఇరవై వేల ల్యూమెన్లు

ముడిమ్యాల బాల్‌రాజ్ మీద నాకున్న కోపం ఎంతటిదో ఆలూరులో ఎవరినడిగినా చెబుతారు. అయినా నా నోటితోనే వినండి. ఏడో తరగతిలో ఇద్దరం ఒకే రోజు బడి మానేశాం. నేను నాగలి పట్టాను. అతను కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం నేర్చాడు. తీగ చుట్టుకుంటూ ఊరుకుని ఉంటే నాకీ గతి పట్టేది కాదు. గండిపేట అవతల అద్దాల మేడలు లేచి, మా మెట్ట చెలకల ధర చెప్పబోతే మాకే నోరు తడారిపోతున్న ఆ 2018లో, చేవెళ్ల బస్టాండు ఎదుట తన దుకాణానికి కొత్త బోర్డు కట్టాడు.

"డిటెక్టివ్ బాల్‌రాజ్, మేధావి. చేవెళ్ల, మొయినాబాద్ మండలాలలో ఎంతటి రహస్యమైనా ఇరవై నాలుగు గంటలలో బట్టబయలు. ఇచ్చట మోటార్లు రివైండింగ్ కూడా చేయబడును."

"మేధావి అని నీకు నువ్వే రాసుకున్నవేందిరా?" అన్నాను.

"మందికి తెలిసేదాంక ఆగాల్నంటే ఎన్నేండ్లు పడ్తదో ఏమో అన్నా," అన్నాడు.

అంతకుముందు అతను ఛేదించిన కేసు ఒక్కటే. మొయినాబాద్‌లో గోడ దూకుతున్న దొంగను కాలు పట్టి లాగాడు. తాళంచెవి పోగొట్టుకున్న ఆ ఇంటి యజమానికి నెలరోజులు కట్టు ఉంది.

అలాంటివాణ్ని నేనెందుకు పిలిచానంటే, నా చెలక నాలుగో హద్దురాయి పోయింది కాబట్టి.

నాకున్నది ఎకరా పది గుంటలు. గండిపేటలో గేటు కాపలా ఉన్న ఇళ్లల్లో ఉండే కృష్ణారావు అనే సాఫ్ట్‌వేర్ ఆయన దాన్ని కొంటానన్నాడు. కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయిందట. నేల మెచ్చింది ఆయన కాదు, ఆయన భార్య జానకీదేవి. నా బోరు సరిగ్గా ఈశాన్యం మూలన ఉంది. వెతికినా ఇలాంటి వాస్తు దొరకదని ఆమె అక్కడికక్కడే బోరుకు దండం పెట్టుకుంది. ఆ డబ్బుతో పరిగి అవతల మూడెకరాలు కొనాలని నేను బేరం కూడా మాట్లాడుకున్నాను. శుక్రవారం రిజిస్ట్రేషన్. సోమవారం వచ్చిన సర్వేయరు మూడు మూలల్లో మూడు హద్దురాళ్లు చూశాడు. ఈశాన్యం రాయి మాత్రం లేదు. "అది చూపిస్తేనే కొలుస్త," అని గొలుసు చుట్టేసుకుని పోయాడు.

నాకు అనుమానమే లేదు. తూర్పు పక్క చెలక బీరయ్యది. నా హద్దు వేపచెట్టు దాకా అని మా నాయన చెప్పేవాడు. రాయిని బీరయ్యే పీకేశాడు. దాన్ని రుజువు చేయడానికే బాల్‌రాజ్.

మంగళవారం పొద్దున పది గంటలకు వచ్చాడు. మెడలో తాడు, తాడుకు సొరకాయంత టార్చి. దానికి మూడు కళ్లు.

"ఆన్‌లైన్ల తెప్పించిన. ఇర్వై వేల ల్యూమెన్ల వెలుగు! డబ్బా మీదనే రాసున్నది."

"ఎండ మండుతుంటె లైటెందుకురా?"

"ఎండ అందరి మీద పడ్తది. నా వెలుగు నేరం మీదనే పడ్తది." అని వేపచెట్టు కింద బోర్లా పడుకున్నాడు. "ఇది మామూలు రాయి మాయం కాదు ఎల్లేశన్నా. అంతర్జాతీయ భూముఠా. గండిపేటల మెదడు, ఆలూర్ల చేతులు. ఒక్క అడుగు వెయ్యకు, సాక్ష్యం నలుగుతది!"

సాక్ష్యం దొరికింది. మట్టిలో ఏదో బరువైనదాన్ని ఈడ్చిన జాడ. దాన్ని పట్టుకుని మోకాళ్ల మీద నా చెలకంతా దాటాడు, క్యారెట్ మడి తొక్కాడు, బర్రెల పాక దగ్గర ఆగాడు. అక్కడ నా భార్య ప్రేమమ్మ జొన్నసొప్ప కట్టను ఈడుస్తోంది.

"ఏమయ్యో, గీయన మోకాళ్ల మీద మొక్కు చెల్లిస్తున్నడా?"

"అక్కా, రాయి ఏడున్నది?" టార్చి ఎత్తాడు బాల్‌రాజ్.

"రాయే కావాల్నంటె మోటరు కొట్టంల ఉన్నదాన్ని పీక్కపోండ్రి. దినాం నా బొటనవేలు పగులుతున్నది దానికి."

"సాక్షులు అడిగినదానికే జవాబియ్యాలె," అని కసిరి, చిట్టీలో "ఆడమనిషి, పక్కదారి పట్టించుట" అని రాసుకున్నాడు. నేనూ ప్రేమమ్మను కసిరాను. ఆ కొట్టం మా నాయన కరువేడు కట్టిన రేకుల గది. దాని మూలన మోకాలెత్తు రాయి ఉంది. నూనె డబ్బాలు దాని మీదే పెడతాను, బీడీ కాల్చుకునేటప్పుడు దాని మీదే కూర్చుంటాను. దాని ఊసు ఇప్పుడెందుకు?

తర్వాత బీరయ్య విచారణ. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ముసలాయన ముఖం మీద ఇరవై వేల ల్యూమెన్లు కొట్టాడు.

"ఒప్పుకో బీరన్నా! వెలుగుకు నేరం వణుకుతది!"

"మొన్ననే శుక్లం తీయించుకున్నరా. చుక్కల మందేసేది ఉన్నది, ఆ చేత్తోనే జర వెయ్యి," అన్నాడు బీరయ్య. మందు వేయించుకున్నాక, చూడటానికి బాగుందని మా వెనకే వచ్చాడు.

అప్పుడే కృష్ణారావు దంపతులు కారు దిగారు. మేడం చేతిలో దిక్సూచి. బోరు ఈశాన్యంలోనే ఉందో లేదో ఇంకోసారి చూసుకోవాలట. బోరు కొట్టం లోపల ఉంది. కరెంటు లేదు. గదిలో రేకుల సందుల్లోంచి వచ్చేదే వెలుతురు.

"ఎవరూ లోపలికి రాకండ్రి," అని చేతులు చాచాడు బాల్‌రాజ్. "సొరంగం ఉండొచ్చు." టార్చి వెలిగించాడు. ఎదురు రేకు మీద పడి తెల్లటి మెరుపు మా కళ్లలోకి తిరిగొచ్చింది. మేడం "అమ్మో!" అని దిక్సూచి జారవిడిచింది.

కృష్ణారావు నవ్వాడు. తాళాల గుత్తికి వేలాడే వేలెడంత టార్చి తీశాడు. "అది వెలుగు కాదండీ, వరద. నాది నాలుగొందల ల్యూమెన్లే. కానీ బీమ్ చూడండి, వెలుగు పడే తీరు."

"నాలుగొందలా? మా దుకాణంల మిణుగురుకు అంతకన్న ఎక్కువుంటది సారూ!"

"ఎంత వెలుగన్నది కాదండీ లెక్క. అది ఎక్కడికి పోతుందన్నది. మీది గదంతా తడుపుతుంది, ఏదీ చూపించదు. నడుమ బొట్టు ఉండాలి, చుట్టూ మెత్తగా పలచబడాలి. రంగు నీలంగా ఉండకూడదు. నేనీ టార్చీల గ్రూపులో ఆరేళ్ల నుంచి ఉన్నానండీ."

"ఆరేళ్లు, ముప్పై ఏడు టార్చీలు. ఇంట్లో కరెంటు మాత్రం పోదు," అంది జానకీదేవి.

"మొనగాడెవరో తేలాల్సిందే," అన్నాడు బాల్‌రాజ్. గుమ్మానికి నా గొంగడి కట్టించాడు. గది చీకటయింది. రేకు మెరుస్తుంది కాబట్టి వేరేదాని మీద వేయాలన్నాడు కృష్ణారావు. ఉన్నది మూలన రాయి ఒక్కటే. నూనె డబ్బాలు నేనే తీశాను. నేనే, నా ఈ రెండు చేతులతోనే.

బాల్‌రాజ్ వేశాడు. రాయి పెరుగు పోసినట్టు తెల్లబడింది. గీత లేదు, గుంట లేదు.

"చూశారా?" అన్నాడు కృష్ణారావు. "మూడు కళ్లున్నాయి కదా, ఒకదాని నీడను ఇంకొకటి తినేస్తోంది. నీడ లేకపోతే ఆకారమే తెలీదండీ."

ఆయన వేశాడు. రాయి మధ్య గుండ్రంగా ఒక బొట్టు. ముచ్చటగానే ఉంది.

ఇద్దరి మధ్య నా పరువేమైపోవాలి? చేవెళ్ల రామలింగం దుకాణంలో నూటెనభైకి కొన్న నా టార్చి తీశాను. అదీ ఎల్ఈడీయే. ఒక్క కన్ను, సన్నటి వెలుగు. రాత్రిపూట కరెంటిచ్చినప్పుడు బోరు దగ్గరికి దారి చూపేది అదే. వెలిగించి, స్టార్టరు డబ్బా మీద పెట్టి, "నాది చూడండ్రి సారూ," అన్నాను.

"చిల్లర లైట్లు పక్కకు! టర్బో!" అని అరిచాడు బాల్‌రాజ్, మీట నొక్కిపెట్టి.

ఇరవై వేలు ఉన్నాయో లేవో గానీ, వేడి మాత్రం ఉంది. అరనిమిషం కాకముందే గది కాలిన రబ్బరు వాసనేసింది. "సచ్చిన్రో!" అని టార్చిని గాల్లోకి విసిరాడు. అది స్టార్టరు డబ్బాకు తగిలి ఆరిపోయింది. డబ్బా మీది నా టార్చి కింద పడింది, ఆరలేదు. దొర్లి దొర్లి రాయి మొదట్లో ఆగింది. సన్నటి వెలుగు రాయిని కిందినుంచి పైకి రాసుకుంటూ పోయింది.

రాయి మీద నీడలు లేచాయి. ముందొక బాణం గుర్తు. దాని కింద రెండు, ఒకటి, ఏడు.

బాల్‌రాజ్ కళ్లు మూసుకుని అరచేయి ఊదుకుంటున్నాడు.

"రెండొందల పదిహేడు!" అని కృష్ణారావు వంగాడు. "ఎల్లేశ్ గారూ, మీ సర్వే నంబరే కదండీ ఇది?"

"అది మా నాయిన మోటరు నంబరు రాసుకున్నడు సారూ," అన్నాను.

గొంగడి పక్కకు జరిగింది. బీరయ్య తల లోపలికొచ్చింది. "మోటరుకు సర్వేరాయి బాణం గుర్తు గూడ ఉంటదా ఎల్లేశా?"

అప్పుడు తెరిచాడు కళ్లు, మహానుభావుడు. చూశాడు. ఛాతీ పొంగించాడు.

"నేను అనుకున్నట్టే అయింది! రాయి మాయం కాలేదు, బందీ అయింది. దాని చుట్టూ గది కట్టి, నూనె డబ్బాలు పేర్చి, ఇన్నేండ్లు దాని మీదనే కూసొని బీడీలు తాగిన కిరాతకుడు ఈ గదిలనే ఉన్నడు!"

అందరూ నా వైపు చూశారు. బాల్‌రాజ్ కూడా చూశాడు. చూశాక గానీ తాను ఎవరి తరఫున వచ్చాడో గుర్తుకు రాలేదు అతనికి.

"అన్నా... నువ్వేనా?" అన్నాడు మెల్లగా.

బయట ప్రేమమ్మ గొంతు. "పొద్దున్నే చెప్పిన గదా కొట్టంల ఉన్నదని! ఎవలన్న ఇన్నరా?"

గురువారం సర్వేయరు వచ్చాడు. రాయి నుంచి వేపచెట్టుకు ఇరవై రెండు గజాలు. నా హద్దు రాయితోనే ఆగిపోయింది. వేపచెట్టు, రెండు నిమ్మచెట్లు, బోరు, కొట్టంలో రాయి అవతలి భాగం అన్నీ బీరయ్య వైపు. నా చెలక తూర్పు పక్క ఏటవాలుగా కోసినట్టయింది. జానకీదేవి ఆ మూలన నిలబడి దిక్సూచి చూసింది, మొగుణ్ని చూసింది.

"ఏవండీ, ఈశాన్యం తెగిపోయిందండీ. బోరు కూడా మనది కాదు. ఊరికే ఇచ్చినా వద్దు."

కృష్ణారావు నా భుజం తట్టాడు. "నేల సంగతి ఎలా ఉన్నా, మీ టార్చి మాత్రం అద్భుతమండీ. ఎక్కడ కొన్నారో చెబుతారా?" చెప్పాను. నేరుగా రామలింగం దుకాణానికే పోయి రెండు కొన్నారట. శుక్రవారం రిజిస్ట్రేషన్‌కు మాత్రం రాలేదు. పరిగి అవతలి మూడెకరాలు ఇంకెవరో కొన్నారు.

బీరయ్య మాత్రం మర్యాద తెలిసిన మనిషి. "ఇన్నేండ్లు నా నేలల కెల్లి నీళ్లు తోడుకున్నవు, పోనీలే. తాగేతందుకు బిందె వట్టుకొని రా," అన్నాడు. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో బాల్‌రాజ్‌కు శాలువా కప్పాడు. నాక్కూడా కబురు పెట్టాడు, చప్పట్లకు మనుషులు తక్కువయ్యారని.

బాల్‌రాజ్ బోర్డు మీద ఇప్పుడు ఇంకో వాక్యం ఉంది. "ఆలూరు రాయి కేసు విజేత." ఆ దారిన పోతే, "ఎట్లున్నవన్నా? ఇంకేమన్న పోయిందా?" అని పిలుస్తాడు.

ఇంకేం పోలేదు బాల్‌రాజ్. పోయింది రాసి పెట్టుకో. సర్వే నంబరు రెండొందల పదిహేడు, ఈశాన్యం మూల, పదకొండు గుంటలు. గజాల్లో చెప్పాలంటే వెయ్యిన్ని మూడు వందల ముప్పై ఒకటి.