ఊపిరికి ఒక మార్కు

పుట్టినప్పటి నుంచీ పీలుస్తూనే ఉన్నాం కదా, ఊపిరి పీల్చడం మాకు వచ్చులే అని మీరు అనుకుంటూ ఉంటారు. పొరపాటు! మీకు రాదు. మీ ఇంట్లో ఎవరికీ రాదు. నాకూ రాదన్న సంగతి మొన్నమొన్నటి దాకా నాకే తెలియదు. మా ఆఫీసు పుణ్యమా అని తెలిసింది.

జీతగాళ్లకు పిలిచి మరీ ఊపిరి పీల్చడం నేర్పే ఆఫీసును మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఆఫీసులో యోగా అనగానే మూతి ముడుచుకునేవాళ్లు ఇది చదివి బుద్ధి తెచ్చుకుంటారనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు చెడిపోయినవాళ్లు ఫోన్ చేసి తిట్టిపోసే చోట నేను పనిచేస్తాను. తిట్లు తినేది నేను కాదు. కింది హాల్లో హెడ్‌సెట్లు పెట్టుకున్న నలభైమంది ఆ పని చూసుకుంటారు. నేను పైన అద్దాల గదిలో కూర్చుని, వాళ్ల రికార్డింగులు విని మార్కులు కట్ చేస్తాను. గొంతులో నవ్వు లేకపోతే ఒక మార్కు. కస్టమర్ మాటకు అడ్డొస్తే ఒక మార్కు. ఊపిరి వినబడితే ఒక మార్కు.

అవును, ఊపిరే! నిట్టూర్పు మైకులో పడితే కస్టమర్ నొచ్చుకుంటాడని రూలు. నెలలో మూడు మార్కులు పోయాయంటే ఆ వారం సెలవు గల్లంతు. తొమ్మిదేళ్లుగా ఇదే నా కొలువు. ఎవరు నిట్టూర్చారో, ఎవరు ఆవలింత ఆపుకున్నారో, ఎవరికి రేపటికల్లా జలుబు చేస్తుందో కళ్లు మూసుకుని చెప్పేస్తాను. ఇంట్లో మా ఆవిడ వంటగదిలో నిట్టూర్చినా ముందు గదిలోకి వినిపిస్తుంది. "వినబడింది" అని చెబుతాను కూడా. ఆవిడ ఎందుకో సంతోషించదు.

ఇలాంటి చోటికి యోగా నడిచి వచ్చింది. అది కూడా మామూలు యోగా కాదు, ఊపిరే గురువుగా నడిచే విన్యాస యోగా. కుర్చీల చక్రాలు ఊడిపోయాయి, కొత్త కుర్చీలు ఇప్పించండి మహాప్రభో అని కింది హాలువాళ్లు ఏడాదిగా మొత్తుకుంటున్నారు. మేనేజరుగారు బాగా ఆలోచించి చాపలు తెప్పించారు. చాపకు చక్రాలుండవు, ఊడవు. ముందుచూపు అంటే అదీ!

యోగా మేడమ్ మంచి మనిషి. అబద్ధం చెప్పను, ఆవిడ గొంతు వింటేనే సగం నిద్ర పట్టేస్తుంది.

"ఇక్కడ తప్పు ఆసనం అంటూ ఏదీ లేదండీ. ఊపిరి ఎటు లాక్కెళితే ఒళ్లు అటు వెళ్లాలి. మీ ఆసనాన్ని మీరే సృష్టించుకోండి," అన్నారావిడ మొదటిరోజు పొద్దున్నే.

సృష్టించుకోమంటే మావాళ్లు ఆగుతారా? టేబుల్ కింద దూరి ఛార్జర్ వెతుక్కునే ఆసనం ఒకరిది. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, రెండు చేతులా టైపు కొట్టే ఆసనం ఇంకొకరిది. మేనేజరుగారైతే తన నడుము వంచకుండా ఎదుటివాళ్ల నడుము వంచే ఆసనాన్ని కనిపెట్టారు. ఒంట్లో ఆత్మ ఉంటుందని ఎవరో చెబితే ఇన్నాళ్లూ నమ్మలేదు గానీ, ఆ రోజు నలభైమందిలోనూ కళ్లారా చూశాను.

తర్వాత మేడమ్ అసలు ఘట్టంలోకి వచ్చారు. "ఇప్పుడు నోరు తెరిచి, చప్పుడు వచ్చేలా, లోపలున్నదంతా వదిలేయండి. పక్క చాపవాళ్లకు వినబడాలి!"

నా చెయ్యి అలవాటుగా పెన్ను కోసం జేబులోకి వెళ్లింది. అంతలో ఒక వింత జరిగింది. నలభైమందీ ఒక్కసారిగా ఎడమచేతి చూపుడువేలితో చాపను ఒక్క నొక్కు నొక్కారు. అప్పుడు ఊపిరి వదిలారు. వదిలాక మళ్లీ ఒక నొక్కు. ఎవరూ ఎవరివైపూ చూసుకోలేదు.

మేడమ్ కళ్లు చెమర్చాయి. "ఎంత అందమైన ముద్ర! ఎవరు నేర్పారండీ మీకు? ఇన్నేళ్లలో నేనెక్కడా చూడలేదు!"

నలభైమందీ వేళ్లు వెనక్కి లాక్కున్నారు. ఊరుకుంటే నా సొమ్మేం పోయేది? ఊరుకోలేకపోయాను.

"అది ముద్ర కాదు మేడమ్, మ్యూట్ బటన్," అన్నాను. "నిట్టూర్పు వచ్చే ముందు నొక్కుతారు, మైకు ఆగిపోతుంది. అయ్యాక మళ్లీ నొక్కుతారు. అంతా నాకు దొరక్కుండా ఉండటానికి."

పక్క చాప మీద శవంలా పడుకున్న మేనేజరుగారు కళ్లు తెరిచారు.

మధ్యాహ్నానికల్లా లెక్కలు తీశారు. మనిషి సగటున రోజుకు డెబ్బైసార్లు మైకు మ్యూట్ చేస్తున్నాడని తేలింది. డెబ్బై ఊపిర్లు దాచుకుంటున్నారంటే యోగా ఇంకా సరిగా ఒంటపట్టలేదన్నమాట! అందుకని క్లాసు పది నిమిషాలు పెంచి, మ్యూట్ బటన్ పీకేశారు.

సాయంత్రం పెద్దక్క నా అద్దాల గదికి వచ్చింది. కింది హాల్లో అందరికన్నా పాతమనిషి, పదకొండేళ్ల సర్వీసు. మేనేజరు కూడా ఆవిడను పెద్దక్క అనే పిలుస్తారు.

"తమ్ముడూ, ఈ నెల నాకు రెండు పోయాయి," అంది. "శనివారం మా పాపకి ఈత పోటీ. పోయిన రెండుసార్లూ వెళ్లలేకపోయా. ఈసారి ముందు వరసలో కూర్చుంటానని మాటిచ్చా. మ్యూట్ లేకుండా ఎట్లాగయ్యా?"

"ఊపిరి మీద ధ్యాస పెట్టక్కా," అన్నాను. నేర్పింది అదే కదా!

"ధ్యాసంతా దాని మీదే ఉంది తమ్ముడూ. బయటికి రాకుండా చూసుకోవాలిగా," అని నవ్వి వెళ్లిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బటన్ పోవడానికి నా నోటిదురదే కారణమని ఆవిడకు తెలుసు. అయినా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

శుక్రవారం పెద్దక్క రికార్డింగ్ నా దగ్గరికి వచ్చింది. ఫోన్ చేసింది ఒక పెద్దాయన. వాషింగ్ మెషిన్ కారుతోందని ఆయన చెప్పడం అది నాలుగోసారి.

"మీ మనిషి వస్తాడు, చూస్తాడు, తల ఊపి పోతాడు. వంటగది దాకా నీళ్లొచ్చాయి. ఇంట్లో పడవ కొనుక్కోమంటారా?" అని పావుగంట ఏకధాటిగా దులిపేశారు. పెద్దక్క నవ్వు చెదరకుండా "అర్థమైందండీ" అంటూనే ఉంది. పద్నాలుగో నిమిషంలో వచ్చేసింది. చిన్నాచితకా నిట్టూర్పు కాదు, నా చెవిలో నుంచి గుండెల్లోకి దిగింది.

పెద్దాయన తిట్లు ఆగిపోయాయి. నా చేతిలో పెన్ను ఉంది.

"ఏమ్మా, అలసిపోయావా?" అన్నారు పెద్దాయన.

ఆ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలో మా కంపెనీ కాగితాల్లో లేదు.

"నేను తిట్టింది నిన్ను కాదులే తల్లీ. కాసిని మంచినీళ్లు తాగి రా. నేను లైన్లోనే ఉంటా." అని ఆయన కూడా ఒక పెద్ద ఊపిరి వదిలారు.

కస్టమర్ నొచ్చుకుంటాడని తొమ్మిదేళ్లుగా మార్కులు కట్ చేస్తూ వచ్చాను కదా, పాత ఫిర్యాదులన్నీ ఆ రోజు తిరగేశాను. మీ అమ్మాయి ఊపిరి పీల్చింది, నేను నొచ్చుకున్నాను అని రాసినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు! ఎన్ని సెలవులు మింగేశానో తలచుకుంటే ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

మార్కులు వేసే ఫారంలో "శబ్దం" అన్నచోట నిట్టూర్పు అని రాశాను. "ఎవరిది" అన్నచోట కస్టమర్‌ది అని రాశాను. ఒకటి ఆయనదే కదా! రెండోదాని సంగతి ఫారం అడగలేదు, నేను చెప్పలేదు.

శనివారం పెద్దక్క వెళ్లింది. పాప ఆరుగురిలో ఐదోదిగా వచ్చిందట. తల్లి వేసిన కేకలకు పక్కవాళ్లు చెవులు మూసుకున్నారట.

సోమవారం మేనేజరుగారు నా ఫారం పట్టుకుని వెలిగిపోతూ వచ్చారు. "కస్టమర్లు కూడా నిట్టూరుస్తున్నారా! ఇన్నాళ్లూ చెప్పవేం?" మెషిన్ బాగుచేయించమని కాబోలు ఆర్డరు అని ఆశపడ్డాను. కాదు. వచ్చే వారం నుంచి మీరు మాకు ఫోన్ చేస్తే పాటకు బదులు యోగా మేడమ్ పలుకుతారు. మావాళ్లు లైన్లోకి రావడానికి ఎలాగూ నలభై నిమిషాలు పడుతుంది కాబట్టి మీకు ఒక పూర్తి క్లాసు ఉచితం! చాప పరుచుకుని మరీ ఫోన్ చేయండి. నేల తడిగా ఉంటే మంచం మీద వేసుకోండి.

ఒక్క మనవి. క్లాసు అయ్యాక మావాళ్లు లైన్లోకి వస్తారు. మాటల మధ్యలో ఎప్పుడైనా ఊపిరి చప్పుడు వినబడితే, దయచేసి అది మీదేనని గట్టిగా చెప్పండి. నేను వింటూ ఉంటాను.