చారిత్రక చలి

"చలి మన వారసత్వం! దాన్ని కాపాడుకోవడం మన కర్తవ్యం!"

లార్క్ వీధి ప్రాచీన గృహ పరిరక్షణ సంఘం అధ్యక్షులు మేజర్ హోల్రాయిడ్ గారు మా ముందుగదిలో నిలబడి ఇలా ప్రకటించగానే సభ్యులందరం చేతితొడుగులు తీయకుండానే చప్పట్లు కొట్టాం. సమావేశం ఎప్పుడూ మా ఇంట్లోనే. మేజరు గారిది పక్కిల్లే అయినా ఆయన గడప ఎవరమూ తొక్కి ఎరగం. "మా ఇంటి చలి మీరు తట్టుకోలేరు" అనేవారు, ఎంతో దయగా!

మా వీధి ఇళ్లన్నీ విక్టోరియా రాణి నాటివి, గోడకు గోడ ఆనించి కట్టినవి. నేలంతా చెక్కపలకలు. పలకల కింద ఖాళీ. ఆ ఖాళీకి గాలాడాలని గోడల్లో చిల్లుల ఇటుకలు. ఆ గాలేమో పలకల సందుల్లోంచి లేచి తిన్నగా ప్యాంట్లలోకి దూరుతుంది! అయినా మా యార్క్‌షైర్‌లో మర్యాదస్థుడు నవంబరు రాకుండా హీటరు వెయ్యడు. మా సంఘంలో వాడైతే వేసినా చెప్పడు.

మా ఆవిడ డోరీన్ కాలివేళ్లకు మాత్రం బొత్తిగా చారిత్రక దృష్టి లేదు. ఆ జనవరిలో వాచి, ఎర్రబడి, దురదలు పెట్టాయి.

"ఏమయ్యా నార్మన్, చలిగాలి రాకుండా పలకల కింద ఉన్ని కూరిస్తావా, నన్ను స్పెయిన్‌లో మా చెల్లెలి దగ్గరికి పొమ్మంటావా?"

"సంఘం ఏమనుకుంటుందే!"

"సంఘమొచ్చి నా కాళ్లు పడుతుందా?"

ఆవిడ ప్రయాణప్పెట్టె అటక మీంచి దిగింది. డోరీన్ లేని ఇల్లు తలుచుకునేసరికి నాకు చలికన్నా భయమెక్కువైంది. కిటికీ తెరలు లాగి, దొంగలా రెండు పలకలు ఊడదీశాను.

ఆ సందులోంచి మేజరు గారి పిల్లి డ్యూక్ బయటికొచ్చింది! మీసాల నిండా తెల్లటి ఉన్ని!

బోర్లాపడుకుని టార్చి వేసి చూద్దును కదా, నేల కింద నడిమిగోడలో నాలుగు ఇటుకలు రాలిపోయి ఉన్నాయి. అవతల మేజరు గారి పలకల అడుగున, దూలం దూలానికీ మధ్య, దిట్టంగా కూరిన గొర్రె ఉన్ని. జారకుండా వల కూడా బిగించారు మహానుభావులు!

డోరీన్ పిల్లిని చంకనెత్తుకుని, నన్ను వెంటేసుకుని వెళ్లి పక్కింటి తలుపు తట్టింది. తలుపు తీసిన మేజరు గారు ఒట్టికాళ్లతో, పొట్టి చేతుల చొక్కాలో ఉన్నారు! మమ్మల్ని చూసి గబుక్కున ఓవర్‌కోటు తగిలించుకున్నారు.

"మీ డ్యూక్ మా నేల కింద దొరికాడండీ. అన్నట్టు, ఈసారి సమావేశం మీ ఇంట్లోనే. అందరికీ నేను చెప్పేస్తాలెండి" అంది డోరీన్.

సభ్యులంతా వచ్చారు. ఇక మేజరు గారి గుట్టు రట్టవుతుందని నేను అందరి మొహాలూ చూస్తున్నాను. ఒక్కరైనా ఆశ్చర్యపోతే ఒట్టు!

ఎంట్విసిల్ గారి భార్య బొటనవేలితో నేల నొక్కి చూసి, "కింద గొర్రె ఉన్నేనా? మాది చెక్కపీచు" అంది.

"మేమూ ఉన్నే వేయించామమ్మా. జనవరిలోనూ ఒట్టికాళ్లతో తిరిగేంత వెచ్చగా ఉంది ఇల్లు!" అన్నాడు మరో సభ్యుడు పికల్స్.

ఒక్కొక్కరే కోట్లు విప్పేశారు. వీధి మొత్తమ్మీద ప్రాచీన గృహం మాదొక్కటేనని నాకప్పటికి తెలిసింది.

మేజరు గారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా! ఈ వీధిలో చెక్కుచెదరని ఇల్లు ఇక ఒక్కటే మిగిలింది! దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలని తీర్మానిస్తున్నాను!"

ఏకగ్రీవంగా చేతులు లేచాయి. అలవాటు కొద్దీ నాదీ లేచింది.

డోరీన్ నావంక ఒక చూపు చూసింది. తర్వాత బూట్లు విప్పి, మేజోళ్లు విప్పి, మేజరు గారి కుర్చీలో కూర్చుని, వాచిన పాదాలు ఆ వెచ్చటి నేలమీద ఆనించింది.

"నాకూ సమ్మతమేనండీ. మా ఇంటిని అలాగే కాపాడండి. మేమిద్దరం ఇక్కడే ఉంటాం. నార్మన్, వెళ్లి ఆ పెట్టె పట్రా!"

మమ్మల్ని ఒక్క రాత్రి భరించి, మర్నాడు పొద్దున్నే మేజర్ హోల్రాయిడ్ గారు భుజాన ఉన్ని చుట్టలు మోసుకుంటూ మా గుమ్మంలో నిలబడ్డారు. ఓవర్‌కోటు మాత్రం వేసుకునే వచ్చారు.