నమ్మకంతో నడిచే లిఫ్టు

మా భవనంలోని లిఫ్టు విద్యుత్తుతో కాక నమ్మకంతో నడుస్తుందని నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం నకలు కింద మీటర్ల పెట్టె పక్కన అతికించి ఉంది. లిఫ్టు కరెంటు బిల్లు కూడా అక్కడే అతికిస్తారు. ఆ రెండు కాగితాలూ ఇన్నాళ్ళుగా ఒకదాని పక్కన ఒకటి తగాదా లేకుండా ఉంటున్నాయి.

ఈ సత్యం బయటపడిన తీరు ఇది. లిఫ్టు పదకొండు రోజులు కదలలేదు. పన్నెండో రోజు పొద్దున్నే సంఘం అధ్యక్షులైన రిటైర్డ్ హెడ్మాస్టరుగారు పాల ప్యాకెట్లతో వచ్చి, కళ్ళు మూసుకుని మీట నొక్కారు. లిఫ్టు కదిలింది. ఆయన మూడో అంతస్తులో దిగి, మనిషిలో విశ్వాసముంటే ఇనుము కూడా పైకి లేస్తుందని మెట్ల మీద రొప్పుతున్న వాళ్ళకు చెప్పారు. రొప్పుతున్నవాళ్ళు వాదించలేరు. కొత్త మతాలకు అదే అదను.

తర్వాత నియమాలు వచ్చాయి. లిఫ్టు నడిస్తే అది నమ్మకం. ఆగితే లోపల ఉన్నవాళ్ళలో ఎవరికో సందేహం. ఎంత బరువు మోస్తుందో తెలిపే రేకు పీకేసి, ఆ మేకులకే 'సందేహాలు బయట వదలవలెను' అన్న బోర్డు తగిలించారు. ఒకసారి పళ్ళ డాక్టరుగారూ ఆయన భార్యా రెండంతస్తుల నడుమ నలభై నిమిషాలు ఇరుక్కుపోయి, బయటపడ్డాక రెండు వారాలు మాట్లాడుకోలేదు. సంఘం దాన్ని కుటుంబ వ్యవహారంగా గుర్తించి జోక్యం చేసుకోలేదు.

ఐదో అంతస్తులో అమ్మమ్మతో ఉండే అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. బట్టలుతికే మిషన్ల కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. మిషను ఆగిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్ళకు రోజుకు ఎనభైసార్లు "ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టండి" అని చెబుతుంది. అలాంటి వృత్తిలో ఉన్నవాళ్ళకు భక్తి కుదరడం కష్టమని సంఘం ముందునుంచే సానుభూతితో గమనిస్తూ వచ్చింది. ఒకరోజు ఆ అమ్మాయి ఆగిపోయిన లిఫ్టు ముందు నిలబడి, "లోపల ఏదో వైరు వదులైనట్టుంది" అంది. నలుగురూ విన్నారు. అపనమ్మకం ఒకే కంచంలో తింటే అంటుకుంటుంది కాబట్టి, ఇంటి మొత్తానికీ, ఆ ఇంటికి వచ్చేవాళ్ళకూ మెట్లు కేటాయించారు.

మెట్లు తొంభై ఆరు. ఆ అమ్మాయి పొద్దున దిగేసరికి బస్సు వెళ్ళిపోతుంది. సాయంత్రం మంచినీళ్ళ డబ్బాతో ఎక్కేసరికి ప్రాణం కళ్ళలోకి వస్తుంది. ఆఫీసులో ఆలస్యానికి కారణం రాయమంటే 'మతపరమైన కారణాలు' అని రాసింది. వాళ్ళు గౌరవించి, జీతం మాత్రం కోశారు.

అమ్మమ్మ సంగతి వేరు. ఆవిడ మోకాళ్ళు తొంభై ఆరు అన్న అంకె వింటేనే కూర్చుండిపోతాయి. నాలుగు నెలలుగా కిందికి దిగలేదు. ఆవిడ చెల్లెలు ఎదురు సందులోనే కూతురి దగ్గర ఉంటుంది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది, పైకి ఎక్కలేదు. అందుకని రోజూ నాలుగింటికి చేతికర్రతో వచ్చి రోడ్డు మీద నిలబడుతుంది. అక్క బాల్కనీలోకి వస్తుంది. ఇద్దరూ చేతులు ఊపుకుని, ఆ పైన ఫోన్లు తీసి, ఒకరినొకరు చూసుకుంటూ తీరిగ్గా పోట్లాడుకుంటారు.

ఆ సోమవారం పోట్లాట జరగలేదు.

"మా అమ్మాయికి బదిలీ అయిందక్కా. శనివారం పొద్దున రైలు. రెండు రోజుల ప్రయాణమట. ఈ వయసులో మళ్ళీ వస్తానా ఏంటి?"

"పోవే, పోయేటప్పుడు కూడా బడాయే నీకు," అంది అమ్మమ్మ. ఫోను పెట్టేశాక మనవరాలితో, "ఒక్కసారి కిందికి దింపవే అమ్మడూ. దాని చెయ్యి పట్టుకుని నాలుగు నెలలైంది. దూరం నుంచి ఊపడమే గానీ పట్టుకోవడం లేదు కదా," అంది.

కుర్చీలో కూర్చోబెట్టి దింపుదామంటే మెట్ల మలుపులో కుర్చీ తిరగదు. ఇంట్లో దిగినప్పుడు వాళ్ళ బీరువానే తాళ్ళు కట్టి బాల్కనీలోంచి పైకి లాగారు.

"పోనీ నన్నూ అలాగే దింపండి. బీరువా కంటే బరువా నేను?"

మనవరాలు ఒక్క క్షణం తాళ్ళ గురించి ఆలోచించింది కూడా. తర్వాత, లిఫ్టు వైర్లతోనే నడుస్తుందని రుజువైతే మెట్ల శిక్ష పోతుందని మెకానిక్‌ని పిలిచింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా పిలిచింది. ఆమె చేసిన తప్పు అదే.

మంగళవారం మెకానిక్ సంచీతో వచ్చి, ఎవర్నీ అడగకుండా తిన్నగా మీటర్ల పెట్టె దగ్గరికి నడిచాడు. హెడ్మాస్టరుగారు అడ్డుపడి ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒకటే ప్రశ్న: లిఫ్టు మీద నమ్మకం ఉందా? జవాబుకు రెండు గళ్ళు: 'ఉంది', 'చాలా ఉంది'.

"నాకు స్క్రూడ్రైవరు మీద ఉంది సార్," అన్నాడు మెకానిక్. హెడ్మాస్టరుగారిని చూసి నవ్వబోయి, ఎందుకో దగ్గాడు. పైకి కన్నెత్తి చూడకుండానే అమ్మాయితో, "పైన ఒక భాగం అరిగిపోయిందమ్మా. గీకి సర్దితే రెండు మూడు రోజులు లాగుతుంది. కొత్తది వెయ్యాలంటే సంఘం సంతకం పెట్టాలి," అన్నాడు.

హెడ్మాస్టరుగారు మొదటి మెట్టు ఎక్కి ప్రసంగించారు. "సంతకమా! బాగుచేయించుకున్న నమ్మకం నమ్మకమేనా అని అడుగుతున్నాను. ఇవాళ మెకానిక్‌ని రానిచ్చామా, రేపు డాక్టర్లను రానిస్తాం! మన విలువలు ఏమైపోవాలి?" పళ్ళ డాక్టరుగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. మెకానిక్ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అయితే సంఘానికి హృదయం లేదనుకోకూడదు. బుధవారం సభలో ఆ అమ్మాయి లేచి తన నమ్మకాన్ని ప్రకటించి, ఇకపై మెకానిక్‌ని పిలవనని రాసిస్తే, ధ్రువపత్రం ఇస్తామన్నారు. ముద్ర వేసే కార్యదర్శి శనివారం పొద్దున మాత్రమే వేస్తాడు గనక, అది శనివారం నుంచి చెల్లుతుంది.

మంగళవారం రాత్రి అన్నాలు తింటూ అమ్మాయి అడిగింది. "అమ్మమ్మా, నీకు నమ్మకం ఉందా?"

"దేని మీద?"

"ఏదో ఒకదాని మీద."

"చిన్నప్పుడు దండిగా ఉండేదే. మీ తాతయ్య ఆసుపత్రిలో ఉన్న నెల్లాళ్ళలో అంతా వాడేశాను. ఇప్పుడు నాలుగింటికి చెల్లెలు వస్తుందన్న నమ్మకం ఒక్కటి మిగిలింది. శనివారం నుంచి అదీ ఉండదు."

"మరి రేపు అబద్ధం చెప్పనా?"

"నా కోసం చెప్పు. పాపం వస్తే సగం నాది."

బుధవారం సభలో అమ్మాయి లేచి, "నాకు లిఫ్టు మీద చాలా నమ్మకం ఉంది" అంది. అబద్ధం అలవాటు లేక గొంతు వణికింది. సభ్యులు దాన్ని భక్తి అనుకున్నారు. పళ్ళ డాక్టరుగారి భార్య కళ్ళు ఒత్తుకుంది. నేను కూడా కొద్దిగా ఒత్తుకున్నాను.

శనివారం ఎనిమిదిన్నరకు అమ్మమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, నాలుగు నెలలుగా మంచం కింద ఉన్న చెప్పులు వేసుకుని, మనవరాలి భుజం పట్టుకుని లిఫ్టెక్కింది. కింద టాక్సీ ఆగి ఉంది. చెల్లెలు చేతికర్రతో లిఫ్టు గేటు ముందు నిలబడింది. చుట్టూ మేమందరం ఉన్నాం. నాలుగు దాటింది, మూడు దాటింది, రెండు దాటింది. ఒకటి దాటాక ఆగిపోయింది.

కింద ఉన్న చెల్లెలికి గేటు ఊచల్లోంచి, తల కంటే జానెడు ఎత్తులో, అక్క పాదాలు మాత్రం కనిపించాయి.

"సందేహించిందెవరు?" అన్నారు హెడ్మాస్టరుగారు. అమ్మాయి ధ్రువపత్రాన్ని ఊచల్లోంచి కిందికి జారవిడిచింది. పరిశీలించారు. ముద్ర సక్రమంగానే ఉంది.

"అమ్మడూ, నువ్వు గానీ..." అంది అమ్మమ్మ.

"నేను సందేహించలేదు అమ్మమ్మా. నాకు ముందే తెలుసు."

అమ్మాయి రాసిచ్చిన మాట తప్పి మెకానిక్‌కి ఫోను చేసింది. ఒక చేత్తో అమ్మమ్మను పట్టుకుంది కాబట్టి ఫోను స్పీకర్లో పెట్టింది. అతని గొంతు లిఫ్టు గొట్టమంతా మోగింది.

"మీ బిల్డింగేనా అమ్మా? అదే అనుకుంటున్నా, రెండు రోజులుగా ఒక్కరూ పిలవలేదేంటని. గురువారం మధ్యాహ్నం హెడ్మాస్టరుగారు తప్పకుండా పిలుస్తారు కదా. శుక్రవారం పళ్ళ డాక్టరుగారిది. ఊళ్ళో లేరా వాళ్ళు? నేను వేరే పనిలో ఉన్నా, గంటలో వస్తా. ఎవరికీ చెప్పనులెండి, మామూలేగా."

కింద ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అందరం చాలాసేపు మీటర్ల పెట్టెను పరిశీలించాం.

తర్వాత విడివిడిగా కనుక్కుంటే తేలింది ఇది. అందరూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ, ఇంటికొకరం చొప్పున దొంగచాటుగా మెకానిక్‌ని పిలుస్తున్నాం. నాది మంగళవారం. నమ్మకం లేని పాపిని నేనొక్కదాన్నేననీ, మిగతావాళ్ళ నమ్మకంతోనే లిఫ్టు నడుస్తోందనీ, నా ఫోను కేవలం చేదోడు మాత్రమేననీ ప్రతివాళ్ళమూ అనుకుంటూ వచ్చాం. బుధవారం ఆ అమ్మాయి గొంతు వణకడం విన్నాక మా సందేహం తీరిపోయింది. అంత మొండి పిల్లే నమ్మిందంటే ఇందులో నిజంగా ఏదో ఉందనుకున్నాం. మొదటిసారి అందరం మనస్ఫూర్తిగా నమ్మాం. ఎవరమూ ఫోను చెయ్యలేదు. లిఫ్టు ఆగిపోయింది.

టాక్సీ హారన్ కొట్టింది.

"అక్కా, చెయ్యి ఇలా కిందికి పెట్టవే," అంది చెల్లెలు.

చెయ్యి అందాలంటే బోర్లా పడుకోవాలి. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అమ్మమ్మ మనవరాలి సాయంతో లిఫ్టు నేల మీద చతికిలబడి, ఊచల సందులోంచి ఒక కాలు కిందికి వదిలింది. చెప్పు జారి పడింది. చెల్లెలు చేతికర్రను గోడకు ఆనించి, గేటు ఊచల్లోంచి చెయ్యెత్తి, అక్క కాలి బొటనవేలు పట్టుకుంది.

"ఈ గోళ్ళేంటే, ఇంత పెంచావు? తీసేవాళ్ళు లేరా?"

"తీయించుకుంటాలే. వెళ్ళు, రైలు పోతుంది."

"పోతే పోనీ."

"పోతే పోనీ అనకు. పోవే."

మరో రెండు హారన్ల దాకా పట్టుకునే ఉంది. పెద్దావిడ ఒకరు లిఫ్టును తాకి తన్మయులయ్యారని హెడ్మాస్టరుగారు సంఘం పుస్తకంలో రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు చెల్లెలు కింద పడిన చెప్పు తీసి తన సంచీలో పెట్టుకుంది.

మెకానిక్ తొమ్మిదీ ముప్పావుకు వచ్చాడు. నాలుగు నిమిషాల పని.

అదే సాయంత్రం జరిగిన అత్యవసర సమావేశం, ఫోనులో వినిపించిన గొంతును సాంకేతిక లోపంగా తీర్మానించింది. నమ్మకం తిరిగి నెలకొంది. మధ్యాహ్నాలు మళ్ళీ ఫోన్లు వెళ్తున్నాయి. ఈసారి ఎందుకైనా మంచిదని ఒక్కొక్కరం రెండేసిసార్లు చేస్తున్నాం. లిఫ్టు ఇంత బాగా ఎన్నడూ నడవలేదు.

ఇంత బాగా నడుస్తున్నా అమ్మమ్మ లిఫ్టు ఎక్కడం లేదని సంఘం దృష్టికి వచ్చింది. ఇది అపనమ్మకం కిందికి ఎందుకు రాదో లిఖితపూర్వకంగా తెలపాలని నోటీసు ఇచ్చారు. ఆవిడ చెబుతుంటే మనవరాలు జవాబు రాసింది. రెండే వాక్యాలు.

"నాకు లిఫ్టు మీద పూర్తి నమ్మకం ఉంది. కిందే ఎవరూ లేరు."

సంఘం ఎంతో సంతోషించి, మొదటి వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి, అద్దం బిగించి లిఫ్టులో తగిలించింది. రోజూ దాన్ని చదువుకుంటూ ఎక్కుతున్నాం, దిగుతున్నాం. రెండోది ఏమైందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మంగళవారాలు మెకానిక్ వచ్చినప్పుడు, ఆ అద్దం మీద దుమ్ము కూడా తుడిచి వెళ్ళమని నేనే చెబుతుంటాను.