ఖాళీ ఆకాశానికి తక్షణ అనుమతి

విశ్వంలో ఏ పైఅధికారి సంతకమూ లేకుండా జరిగిపోతున్న పని ఒక్కటే: నక్షత్రాలు మండటం. ఈ అరాచకాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు గనక, కనీసం చూసేవాళ్లనైనా అదుపులో పెట్టాలని టెలిస్కోపు సమయ కేటాయింపు కార్యాలయం వెలిసింది.

మా వదినకు ఆ కార్యాలయంతో పని పడింది. ఆవిడ శాస్త్రవేత్త. ఏళ్లుగా ఒక జంట నక్షత్రాన్ని పట్టుకుని కూర్చుంది. అందులో ఒకటి మామూలు నక్షత్రం. రెండోది ఊరంత కూడా ఉండదు, బరువు మాత్రం సూర్యుణ్ణి మించి. ఈ చిన్నది పక్కదాని ఒంటిమీది వాయువును లాగి దాచుకుంటుంది (పంచదార అప్పు తీసుకుని తిరిగివ్వని పొరుగింటావిడ మీకూ తెలిసే ఉంటుంది). ఎప్పుడో ఒకసారి దాచిందంతా గబగబా మింగేస్తుంది. అప్పుడు ఆ వాయువు కాగిపోయి ఎక్స్‌రేలు చిమ్ముతుంది, కొద్ది వారాల్లో చల్లారుతుంది. ఎక్స్‌రేలు గాలిని దాటి నేలకు దిగవు గనక, పైన తిరిగే టెలిస్కోపును అటు తిప్పాల్సిందే. గతసారి మండినప్పుడు వదిన విద్యార్థిని. అనుమతి వచ్చేలోపు ఆరిపోయింది. ఈసారీ పోతే మళ్లీ ఆవిడ రిటైరయ్యాకే.

ఈ నెల నేలమీది మామూలు టెలిస్కోపులో ఆ జంట తళుక్కుమంది. వదిన పరుగున కార్యాలయానికి బయల్దేరింది. ఒంటరిగా వెళ్తే అరిచేస్తానేమోనని నన్ను వెంటబెట్టుకుంది.

కేటాయింపు అధికారి సౌమ్యుడు. కుర్చీలు చూపించి, మంచినీళ్లు తెప్పించి, దరఖాస్తు తిరస్కరించాడు.

"ఆకస్మిక సంఘటనలైతే ఆరు నెలల ముందే తెలపాలి మేడమ్."

"ఎప్పుడు మండుతుందో దానికే తెలీదండీ!"

"అయితే తప్పు దానిదే. సరే, మినహాయింపు ఉంది. ఎక్స్‌రేలు వస్తున్నట్టు రుజువు పెట్టండి."

"టెలిస్కోపు తిప్పితే గదా రుజువు!"

"రుజువుంటే గదా తిప్పడం! చూశారా, మనిద్దరిదీ ఒకే మాట." ఆయన సంతోషించాడు. "ఇంకోటి. ఒక దరఖాస్తుకు ఒక్క నక్షత్రమే. మీరు రెండు రాశారు."

"వాటిని విడదీయలేమండీ, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి."

"మా ఆఫీసు చుట్టూ మీరూ తిరుగుతున్నారు. అయినా మిమ్మల్ని వేరుగానే లెక్కేస్తున్నాం కదమ్మా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈయన మంచినీళ్లిచ్చాడు, అదే నయం. తిరస్కరణ కాగితం మీద ముద్ర కూడా పడింది: ‘రుజువు లేనందున సదరు చోట ఏమీ లేనట్టు పరిగణించడమైనది.’ వదిన ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

లేవబోతుంటే అధికారి నిట్టూర్చాడు. "నా బాధలు ఎవరితో చెప్పుకోను మేడమ్. ఏమీ లేనిచోట కూడా టెలిస్కోపు చూపించే దాని సొంత రొద ఎంతో తేలడానికి వారం వారం ఖాళీ ఆకాశాన్ని చూపించాలి. ఒక్కరూ ఖాళీ చోటు ఇవ్వరు. వచ్చినవాళ్లంతా అక్కడేదో ఉందనేవాళ్లే!"

వదిన మళ్లీ కూర్చుంది.

"ఖాళీ చోటైతే అనుమతికి ఎన్నాళ్లండీ?"

"అనుమతెందుకు, ఏమీ లేనప్పుడు? ఏమీ లేదని బాధ్యతగల అధికారి ఒకరు రాసిస్తే రేపే తిప్పేస్తాం."

"మీరు బాధ్యతగల అధికారే కదా?"

"అదేం మాట మేడమ్!"

వదిన ఆ కాగితాన్నే ఆయన ముందుకు తోసింది. ఆయన శ్రద్ధగా చదివాడు. ముద్ర సరిచూశాడు. ఎంత బాగా రాశారో అని మెచ్చుకున్నాడు. సంతకం తనదే.

రెండ్రోజుల తర్వాత నేను వాళ్లింటికి వెళ్లేసరికి వదిన లాప్‌టాప్ ముందు గెంతులేస్తోంది. అన్నయ్య చేతిలో కుక్కర్ మూత పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు.

"ఏముంది వదినా అక్కడ?"

"ఏమీ లేదయ్యా! ఏమీ లేకపోవడం ఇంత బావుంటుందని నేనూ అనుకోలేదు!"

అంతలో అధికారి ఫోను. వదిన గెంతడం ఆపేసింది.

"మేడమ్, మీ ఖాళీ చోటు మరీ వెలిగిపోతోందే."

"రద్దు చేస్తారా అండీ?"

"సంతకం పడ్డాక రద్దేమిటి మేడమ్! శాశ్వత ఖాళీ స్థలాల్లో నమోదు చేసేశాం. ఇక వారం వారం చూడాల్సిందే."

ఆ జంట ఇంకా మండుతూనే ఉంది. రికార్డుల్లో లేదు గనక దానికి ఏ ఇబ్బందీ లేదు.